హరిదళం నూరిన చెయ్యి

ఆ ఇంటి ముందుగదిలో ఎప్పుడూ నీలిమందు తొట్టి వాసనే. పులిసిన ఆకు, తడి సున్నం కలిసిన వాసన. ఆ సాయంత్రం వాన పట్టింది, కరెంటు పోయింది. గోడకి ఆనించిన పెద్ద బొమ్మ ముందు నిలబడి బావ రేపు దాన్ని చూడ్డానికొచ్చే అతిథులకి చెప్పాల్సిన ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

"మా రంగులు మట్టి బిడ్డలు. ఎవరికీ హాని చేయవు."

మరదలు పళ్ళు కొరికింది. బొమ్మ నిండా అడవి. ఆ ఆకుపచ్చ రావాలంటే పసుపుపచ్చటి హరిదళం రాయి మెత్తగా నూరి పూసి, దాని మీద నీలి పూయాలి. నూరింది అక్క. ఆ రాయి విషమని బావకి తెలుసు. అయినా ముక్కుకి గుడ్డ కట్టుకోనివ్వలేదు. "చూడ్డానికొచ్చినవాళ్ళు బెదురుతారే" అనేవాడు. అరచేతులు పొలుసులు కట్టి, దగ్గి దగ్గి, పోయిన ఏడాది అక్క పోయింది.

ఒకప్పుడు ఊరేగింపుల్లో, నడివీధిలో న్యాయం కోసం గొంతు చించుకున్న పిల్ల ఈ మరదలు. అక్క ఎలా పోయిందో చెప్పకుండా నోరు మూసుకుంటే పనీ ఇల్లూ నీవేనన్నాడు బావ. మూసుకుంది. నినాదానికి ఆకలి ఉండదు, మనిషికి ఉంటుంది.

తాళం వేసిన లోపలి గదిలో... గర్... గర్...

"ఎలుకలు," అన్నాడు బావ.

"ఎలుకలు కల్వంలో రాయి నూరతాయా బావా?"

చప్పుడు మొదట గరుగ్గా... తర్వాత మెత్తగా... తర్వాత పట్టు మీద చెయ్యి రాసినట్టు. రంగు సిద్ధమైతే కల్వం మాట్లాడదు.

ఆగిపోయింది.

తాళం ఎవరూ తీయలేదు. తలుపు తెరుచుకుంది. కిటికీ వెలుతుర్లో కల్వం నిండా పసుపుపచ్చటి ముద్ద, తడిగా... ఆ వెనక చీకట్లో దగ్గు.

"చెల్లీ... రంగు కుదిరిందేమో చూడవే."

బావ ఆమె వెనక నక్కాడు. "వెళ్ళవే... మీ అక్కే కదా... చూస్తే పోతుంది." వీపు మీద అతని చెయ్యి. నెడుతోంది.

దెయ్యమంటే భయం కంటే ఆ చెయ్యంటే అసహ్యం ఎక్కువైంది ఆమెకి.

"చెప్తానక్కా... రేపు అందరి ముందూ చెప్తాను."

తలుపు మూసుకుంది.

మర్నాడు ఇంటి నిండా అతిథులు. బావ గొంతు సవరించుకునేలోపే ఆమె లేచింది.

"ఈ పచ్చదనం మా అక్కని తినేసింది. విషమని తెలిసీ నూరించాడు ఈయన!"

ఆ తర్వాత... చప్పట్లు.

"ఎంత లోతుగా చెప్పిందండీ!"

"కళంటేనే త్యాగం కదా."

బావ చేతులు జోడించి కళ్ళు ఒత్తుకున్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

చచ్చినవాళ్ళ గోడు కూడా వీళ్ళకి వినోదమే. వాళ్ళ మధ్య నుంచి తోసుకెళ్ళి లోపలి గది తాళం తీసిందామె. కల్వంలో ముద్ద లేదు. కడిగి బోర్లించి ఉంది. అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పక్కన నిండు గ్లాసు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

వెనక ఎవరో పెద్దాయన, ఖాళీ గ్లాసుతో. గ్లాసు అడుగున పసుపుపచ్చటి మడ్డి. ఆయన వెనక అందరి చేతుల్లోనూ ఖాళీ గ్లాసులే. బావ చేతిలోనూ.

"భలే చల్లగా ఉన్నాయమ్మా నీళ్ళు. తలా ఒకటి ఆవిడే అందించింది, పాపం దగ్గుకుంటూ. నీ గ్లాసు మాత్రం లోపల పెట్టానంది."