నీళ్లడగని చెట్టు

పూర్వం కంకరసీమ అనే రాజ్యంలో ఏ మర్యాదైనా నీళ్లతోనే మొదలయ్యేది. చుట్టం వస్తే ముందు చెంబెడు నీళ్లిచ్చి, ఆ తర్వాతే కుశలం అడిగేవారు. పెళ్లిపందిరి గుంజకు నీళ్లు పోసేవారు. కొత్తగా కొన్న ఎద్దు కాళ్లకు నీళ్లు పోసేవారు. రాణిగారి సింహాసనానికి కూడా ఏటా ఒక బిందె పోసేవారు. సింహాసనానికి దాహమేమిటని ఎవరూ అడగలేదు. వానలు తక్కువైన చోట నీళ్లకు మించిన గౌరవం ఏముంటుంది?

అలాంటి రాజ్యం మీద సికతాసురుడనే రాక్షసుడు వచ్చిపడ్డాడు. వాడి ఒళ్లంతా ఇసుకే. వేసవి రాగానే పడమటి కనుమలోంచి సుడిగాలిలా లేచి, మబ్బులను తరిమేసి, పొలాలను ఇసుకతో కప్పేసేవాడు. వాడి ఊపిరి తగిలిన మనిషి ఉన్నపళంగా ఇసుకబొమ్మ అయిపోయేవాడు. వేసవి గడిచాక వాడు కనుమలో పడి నిద్రపోయేవాడు.

ఆ రాజ్యంలోని ఒక ఊళ్లో కావడితో నీళ్లు మోసే సూరన్నకు వరాలు ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. ఆమెకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా, కనుమ దగ్గరి గొర్రెల కాపరులకు నీళ్లు తీసుకుపోతూ సూరన్న రాక్షసుడికి ఎదురుపడ్డాడు. వరాలు పరుగెత్తి వెళ్లేసరికి తండ్రి నిలువెత్తు ఇసుకబొమ్మై ఉన్నాడు. గాలి వీచినప్పుడల్లా కొంచెం కొంచెం రాలుతున్నాడు. ఎడమచేతి చిటికెనవేలు అప్పటికే లేదు.

వరాలు కరువుతీరా ఏడ్చింది. తర్వాత లేచి, తండ్రి చుట్టూ తాటాకులతో దడి కట్టింది. దడి గాలిని ఎన్నాళ్లు ఆపుతుంది? తండ్రి పూర్తిగా రాలిపోయేలోగా శాపం విడిపించాలి. రాక్షసుడు నిద్రపోయే కాలం రాగానే, భుజాన నీళ్లతిత్తి వేసుకుని కనుమ దాటింది.

అవతలి అడవిలో, ఎండిపోయిన వాగు ఒడ్డున ఒక ముని కూర్చుని ఉన్నాడు. వరాలు అలవాటు కొద్దీ ముందు నీళ్లిచ్చింది. ముని గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఎవరికోసం వచ్చావు పిల్లా?" అని అడిగాడు.

"మా నాన్న కోసం స్వామీ. సికతాసురుణ్ణి చంపే దారి చెప్పండి."

"వాడు చావడు. కాకపోతే వాడి బలం విరుగుతుంది. వాడు వచ్చే దారిలో ఒక పచ్చని చెట్టు నిలబడాలి. వేసవి మొదలైన దగ్గర్నుంచి మృగశిర కార్తె ప్రవేశించేదాకా, మనిషి చేత్తో ఒక్క చుక్క నీరు కూడా దానికి పడకూడదు. అలా నిలబడితే వాడు విరిగిపోతాడు, బొమ్మలైనవాళ్లంతా లేస్తారు."

"నీళ్లు పొయ్యకుండా చెట్టు ఎలా బతుకుతుంది స్వామీ?"

"మీ ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్నే అడిగావు," అని ముని నవ్వాడు. "పడమటి సముద్రం అవతల సున్నపురాళ్ల కొండ ఉంది. దానిమీద సరళవృక్షం ఉంది. ఆకులు సూదుల్లా ఉంటాయి. అక్కడ వేసవంతా వానే ఉండదు. దాని విత్తనాలు తెచ్చుకో."

వరాలు నలభై రోజులు నడిచి సముద్రం చేరింది. ఒడ్డున గుడిసె అంత తాబేలు పడుకుని ఉంది. దానికీ ముందు మంచినీళ్లు పోసింది. వందేళ్లుగా ఉప్పునీళ్లలో ఈదుతున్న తాబేలు ఆ నాలుగు గుక్కలకే కరిగిపోయింది.

"ఎక్కు తల్లీ, ఎక్కడికైనా తీసుకుపోతాను," అంది.

రెండుచోట్లా నీళ్లతోనే పని జరిగింది కదా, మూడోచోటా జరుగుతుందని వరాలు ధీమాగా ఉంది. కొండ మీద సరళవృక్షం కనిపించింది. దాని మొదట్లో ఒక అగ్నిభూతం కాపలా కూర్చుని ఉంది. జుట్టు మంట, గడ్డం మంట. వరాలు దండం పెట్టి, చెంబెడు నీళ్లు దాని ముందుకు చాచింది.

భూతం తాటిచెట్టంత ఎత్తు లేచింది. "నన్ను ఆర్పడానికి వచ్చావా?" అని గర్జించింది. చెంబులో నీళ్లు ఆవిరైపోయాయి. వరాలు కనుబొమలు కూడా కాలాయి.

"తప్పయింది," అంది వరాలు చెంబు వెనక్కి తీసుకుంటూ. "మా ఊళ్లో అది మర్యాద. ముందు మీకేం కావాలో అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం కావాలి?"

భూతం మళ్లీ కిందికి దిగి కూర్చుంది. దాన్ని ఆ మాట అడిగినవాళ్లు అంతవరకూ లేరు.

"చెట్టు కింద ఎండుసూదులు మోకాలి లోతున పడ్డాయి," అంది చివరికి గొంతు తగ్గించి. "ఈ చెట్టంటే నాకు ప్రాణం. నా నిప్పురవ్వ ఒక్కటి ఆ చెత్తలో పడితే చెట్టు మొత్తం అంటుకుంటుంది. తుమ్మడానికి కూడా భయంగా ఉంది. నేను ఊడ్చలేను, ఊడిస్తే కాలిపోతుంది."

వరాలు నవ్వు ఆపుకుని, మూడు రోజులు చెట్టు చుట్టూ ఊడ్చింది. ఎంత ఊడ్చినా పైనుంచి పండుసూదులు ఇంకొన్ని రాలుతూనే ఉన్నాయి. చెట్టు మాత్రం పచ్చగానే ఉంది. నాలుగో రోజు భూతం హాయిగా ఒక తుమ్ము తుమ్మింది. ఆ వేడికి, చెట్టుమీద చెక్కలా గట్టిగా, కత్తికి కూడా లొంగని కాయలు రేకులు విప్పుకున్నాయి. రెక్కలున్న విత్తనాలు గాలిలోకి ఎగిరిపోతుంటే వరాలు మూడే పట్టుకోగలిగింది.

"ఈ మొదట్లోని మట్టి కూడా గుప్పెడు పట్టుకెళ్లు," అంది భూతం. "కొత్తచోట పిల్లచెట్టుకు అది తోడు."

వరాలు తాబేలు మీద సముద్రం దాటి ఇల్లు చేరింది. తండ్రి చెవి ఒకటి రాలిపోయి ఉంది.

మొదటి విత్తనం నాటి, ఆత్రం కొద్దీ పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోసింది. పదో రోజు తవ్వి చూస్తే కుళ్లిపోయి ఉంది. ఎంత కొండ దాటివస్తే మాత్రం, కావడి సూరన్న కూతురి చెయ్యి ఊరుకుంటుందా? తన చెయ్యి తనే కొరుక్కుని ఏడ్చింది.

రెండోదాన్ని పొడవాటి వెదురుగొట్టంలో, కంకరా ఇసుకా కలిపి, తెచ్చిన మట్టి చిటికెడు వేసి నాటింది. వేలు గుచ్చి, లోపల పొడిగా ఉంటేనే నీళ్లు పోసింది. మొలక వచ్చింది. జానెడు ఎదిగాక వేరు కదలకుండా గొట్టాన్ని చీల్చి, కనుమ దారిలో, తండ్రి బొమ్మకు దగ్గర్లో ఉన్న మిట్టమీద నాటింది. ఆ సంగతి తెలిసి రాణి విమలాంగి మేళతాళాలతో వచ్చింది. వరాలు బావి దగ్గర ఉన్న సమయంలో, ఆ మొక్కకు బంగారు బిందెతో నీళ్లు పోసి, గంపెడు పేడ ఎరువు వేసి, దండం పెట్టి వెళ్లింది. ఊరంతా రాణి వెనక బారులు తీరి తలా ఒక చెంబు పోసింది. నెల తిరక్కుండా మొక్క పసుపుపచ్చబడి వాలిపోయింది.

రాణి చెడ్డమనిషి కాదు. సంగతి తెలిసి తలదించుకుంది. మూడో విత్తనం మొలిచి మిట్టమీదికి చేరిన రోజున, మొక్క చుట్టూ కంచె వేయించి భటులను పెట్టింది. "నేను వచ్చినా బిందె లాక్కోండి," అని ఆజ్ఞ ఇచ్చింది.

మొదటి ఏడు వరాలు పది రోజులకొకసారి, వేళ్లు కిందికి దిగేలా నిండుగా పోసింది. రెండో ఏడు నెలకొకసారి పోసింది. కొమ్మలు నరకలేదు, ఎరువు వెయ్యలేదు. రాక్షసుడు వచ్చే రోజుల్లో రాళ్లగోడ చాటున మొక్కను దాచింది. మూడో వేసవి నాటికి చెట్టు ఆమె తల దాటింది. తండ్రికి మరో రెండు వేళ్లు పోయాయి, ముక్కు కొస అరిగిపోయింది. వరాలు రాళ్లగోడ తీసేసి, చెంబు పక్కన పెట్టింది. ఇక మృగశిర దాకా ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు.

రోహిణి కార్తెలో సూదులు పండి రాలసాగాయి. రాణి పరుగెత్తుకొచ్చింది.

"వరాలూ, ఒక్క బిందె పొయ్యనివ్వు. దాహంతో చచ్చేదాన్ని చూస్తూ ఎలా ఊరుకోమంటావు?"

"చావడం లేదమ్మగారూ. లోపలి పాతసూదులే రాలుతున్నాయి. కొసలు చూడండి, పచ్చగా ఉన్నాయి," అంది వరాలు. అలా అన్నదే గాని, తనూ పూటపూటకూ కొసలు తడిమి చూసుకుంటూనే ఉంది.

ఆ ఏడు ఆలస్యంగా నిద్రలేచిన సికతాసురుడు మృగశిర ప్రవేశించే రోజు మధ్యాహ్నం వచ్చాడు. చెట్టును చూసి ఆగిపోయాడు. మొదటి విసురుకే సూరన్న చుట్టూ ఉన్న దడి లేచిపోయింది.

"పిల్లా, ఒక్క చెంబు నీళ్లు పొయ్యి," అన్నాడు మెల్లగా. "మీ నాన్నను ఇప్పుడే వదిలేస్తాను."

"మిగతావాళ్లను?"

"వాళ్లతో నీకేం పని? మీ నాన్న సాయంత్రం దాకా ఉండడు. నువ్వే చూడు."

నిజమే. సూరన్న భుజం రాలుతోంది. నీళ్లచెంబు వరాలు చేతికందే దూరంలో ఉంది. ఆమె చెయ్యి దానివైపు వెళ్లింది కూడా. పోస్తే నాన్న ఒక్కడు లేస్తాడు, పొయ్యకపోతే నాన్న ఉంటాడో ఉండడో తెలియదు. వాడు కనుమలోంచి మళ్లీ వస్తాడు, ఇంకెవరి నాన్ననో ఇసుక చేస్తాడు. వరాలు చెంబును కాలితో తన్నేసింది. నీళ్లు చెట్టుకు దూరంగా ఒలికిపోయాయి. వెళ్లి తండ్రిని కౌగిలించుకుని, గాలికి తన వీపు అడ్డం పెట్టింది.

రాక్షసుడు ఊదాడు. వరాలు పాదాలు ఇసుక అయ్యాయి. మోకాళ్లు అయ్యాయి. నడుము దాకా ఏమీ తెలియకుండా పోయింది. ఆమె వాడివైపు చూడలేదు, తండ్రిని వదల్లేదు. పొద్దు పడమటి కొండ వెనక్కి దిగింది. మృగశిర ప్రవేశించింది. రాక్షసుడు కోపంతో చెట్టు మీదికి దూకాడు. వేలకొద్దీ సూదులు వాణ్ణి దువ్వెనలా దువ్వేశాయి. గాలి అవతలికి పోయింది, ఇసుక మొదట్లో కుప్పగా రాలింది. ఇక ఆ కుప్ప కదల్లేదు.

బొమ్మలైన కాపరులు ఒక్కొక్కరే లేచి కళ్లు నులుముకున్నారు. వరాలు కాళ్లకు స్పర్శ వచ్చింది. కథ చివర రావాల్సిన కిరీటం సంగతి ఇక్కడే చెప్పేస్తాను: పిల్లలు లేని రాణి విమలాంగి దాన్ని మర్నాడు వరాలు తలమీద పెట్టింది, వరాలు చాలాకాలం చక్కగా పాలించింది. ఆ సాయంత్రం మాత్రం ఆమెకు కిరీటం గొడవ పట్టలేదు. అందరూ లేచారు గాని సూరన్న లేవలేదు. అందరికంటే ఎక్కువ రాలినవాడు అతనే.

వరాలు తండ్రి చెంప నిమురుతూ కూర్చుంది. చాలాసేపటికి ఆ చెంప వెచ్చబడింది. సూరన్న కళ్లు తెరిచి, మూడువేళ్లు లేని చేతిని చూసుకున్నాడు, తర్వాత చెట్టును చూశాడు.

"ఇంత చెట్టుకు నీళ్లెవరు మోశారమ్మా?"

"చిన్నప్పుడు నేనే పోశాను నాన్నా, కొంచెం. ఈ వేసవంతా ఎవరూ పొయ్యలేదు."

"మరి నువ్వేం చేశావు?"

"ఊరుకున్నాను."

సూరన్న ముప్పై ఏళ్లు నీళ్లు మోసిన మనిషి. కూతురి ఎండిన పెదవుల వంక, ఇసుకంటిన నడుము వంక చూశాడు. బాగున్న చేత్తో ఆమె తల దగ్గరికి తీసుకున్నాడు.

"నా వల్ల అయ్యేది కాదు తల్లీ," అన్నాడు.