కేకల తూము దగ్గర పెళ్లికూతురు

రేపల్లె నుంచి బాపట్ల పోయే దారిలో కేకల తూము అని ఒకటుంది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. మ్యాపు గీసినవాడు కూడా అక్కడికొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంటాడు!

పంటకాలవ మీద ఇరుకు తూము. దాటగానే గుడ్డి మలుపు. ఎప్పుడో ఒక పిల్ల, స్నేహితురాలికి తోడుపెళ్లికూతురుగా పోతూ, అక్కడే కాలవలో పడిపోయిందట. పెళ్లి చూడనేలేదు. అప్పట్నుంచీ పొద్దుగూకితే చాలు... ఆ మలుపులో ఆడమనిషి కేక.

కార్లలో పోయినవాళ్ళు చాలామంది విన్నారు. నడిచిపోయినవాళ్ళు ఒక్కళ్ళూ వినలేదు. ఆ తేడా ఏంటో ఎవరికీ తట్టలేదు — నాకు తప్ప. నాకూ కాస్త ఆలస్యంగానే తట్టిందనుకోండి, అది వేరే సంగతి.

అసలు కారు శబ్దాల్లో నా అంతవాడు గుంటూరు నుంచి సముద్రం దాకా లేడు. వీధి మలుపులో కారు కటకటమంటే — "యాక్సిల్ పోయింది" అని మంచం మీంచే చెప్పేవాణ్ణి. పొద్దున్నే కీచుమంటే బెల్టు. కింద గడగడలాడితే సైలెన్సరు. ఒకసారి తెనాలి స్టేషన్లో నిలబడి, పొన్నూరులో దగ్గుతున్న కారుకి ప్లగ్గులు మార్చమని కబురు పెట్టాను. నమ్మకపోతే మీ ఇష్టం.

మొన్న జనవరిలో మా పక్కింటి మత్తయి కూతురు దీవెన పెళ్లి. బాపట్ల చర్చిలో, సాయంత్రం. తల్లి సారా చుట్టాలతో ముందే బస్సులో వెళ్ళింది. పెళ్లికూతురికి మాట్లాడిన పూలకారు మాత్రం రానేలేదు. పాస్టరు అయ్యగారికి అదే రాత్రి చీరాలలో ఇంకో పెళ్లి. మనం ఆలస్యమైతే ఆయన బయల్దేరిపోతారు, ఈ పెళ్లి ఆగిపోతుంది.

"శేషగిరి గారూ, మీరే దిక్కండి!" అంటూ మత్తయి సూటుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఒక దిక్కేంటయ్యా, నేనుంటే పది దిక్కులు! నా కారెక్కండి."

దీవెన తెనాలిలో ఇన్సూరెన్స్ ఆఫీసులో చేస్తుంది. గుద్దుకున్న కారు చూసి, ఎందుకు గుద్దుకుందో తేల్చడం ఆ పిల్ల పని. తెల్ల పట్టుచీర, నేలదాకా తెల్ల ముసుగు, చేతిలో పూలగుత్తి. వీధి దాటకముందే అడిగింది.

"బాబాయ్, బ్రేకేస్తే ఏదో కీచుమంటోంది?"

"దుమ్ము తల్లీ. కారు నాది, చెవి నాది, నాకు తెలీదూ!"

తూము దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. మంచు కూడా. అక్కడ ఆగకూడదు, వెనక్కి చూడకూడదు, హారన్ మీంచి చెయ్యి తీయకూడదు — ఇది మా వైపు అందరికీ తెలిసిన కట్టడి. హారన్ మోగిస్తూనే మలుపు చూసి బ్రేకు మీద కాలేశాను...

కీ...య్...య్!

చెవులు చీల్చే ఆడగొంతు.

"ప్రభువా!" మత్తయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

కాలు తీశాను. కేక ఆగింది... మళ్ళీ వేశాను. మళ్ళీ కేక — ఈసారి గొంతు బొంగురుపోయి, గర్ర్ర్ మంటూ...

వెనకనుంచి గుసగుస. "బాబాయ్... మీరు కాలు తీస్తే దెయ్యం ఊరుకుంటోంది."

"మరి నా కాలంటే ఏమనుకున్నావు? భయపడిందమ్మా!"

"భయం కాదు, బ్రేకు ప్యాడ్లు. ఆపండి."

"ఇక్కడ ఆపకూడదమ్మా..."

"ఇప్పుడు ఆపకపోతే ఇంకెప్పటికీ ఆగదు బాబాయ్!"

గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, పరుగెత్తే ఏనుగును తోక పట్టి ఆపినట్టు ఆపాను.

"అరిగింది కాబట్టే అరిచింది" అంది దీవెన. "ప్యాడ్లు అరిగిపోతే అరవడానికే లోపల చిన్న రేకు పెడతారు. మీరేమో దుమ్మన్నారు. ఇప్పుడు గర్రుమంటోందంటే ఇనుము ఇనుమును కొరుకుతోంది. ఇట్లాగే పోతే బాపట్లలో పెళ్లి కాదు, జ్ఞాపకార్థ కూడిక."

అదీ సంగతి! అందరూ బ్రేకు మీద కాలేసేది ఆ మలుపులోనే. ప్యాడ్లరిగిన ప్రతి కారూ గట్టిగా అరిచేది అక్కడే. నడిచేవాళ్ళకు బ్రేకులెక్కడివి?

దీవెన ఫోను లైటు వేసుకుని దిగి, ముందు చక్రం దగ్గర వంగింది. మత్తయి కళ్ళు తెరవకుండా ప్రార్థన. నేను స్టీరింగు కిందికి దూరి పెడళ్ళు తనిఖీ చేస్తున్నాను. ఎవరో ఒకరు చెయ్యాలి కదా!

అంతలో ఎదురుగా ఆటో. దాని లైటు దీవెన మీద పడింది...

"అమ్మో...!"

ఈ కేక మాత్రం ఏ రేకుదీ కాదు. ఆటో డ్రైవరుది. ఆటో ఆపి, ఇంజను నడుస్తుండగానే దూకి, చేలో పడి పరుగు.

"తమ్ముడూ, ఆగు!" అని దీవెన పిలిచింది. దాంతో అతను ఇంకా వేగం అందుకున్నాడు.

మత్తయి ఇప్పుడు కళ్ళు తెరిచాడు. "దేవుడు ఆటో పంపాడండి!"

ఆ ఆటోను నేను నడిపిన తీరు చూడాల్సింది! గుంతలు కింద పోతున్నాయి, మేం పైన పోతున్నాం. చర్చి ముందు దిగేసరికి అయ్యగారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. సారా మాత్రం పాటలవాళ్ళను కూర్చోనివ్వకుండా అదే పాట మొదట్నుంచీ పాడిస్తోంది.

"ఆలస్యమైందండి" అంది దీవెన పెళ్లికొడుకు అజయ్ బాబుతో. "దెయ్యం ఆపింది."

పెళ్లి జరిగింది. మర్నాడు నా కారుకు కొత్త ప్యాడ్లు వేయించి, ఆటో ట్యాంకు నిండా ఆయిల్, సీటు మీద పెళ్లి బిర్యానీతో డ్రైవరు రమేష్ బాబు ఇల్లు వెతికి పట్టుకున్నాను. బ్రేకుల కథ మొత్తం విప్పి చెప్పాను.

అతను బిర్యానీ తింటూ శ్రద్ధగా విన్నాడు.

"సరేనండి, కేక బ్రేకులదే. వంగింది పెళ్లికూతురే. మరి... ముసుగు బురదలో పడకుండా వెనక ఎత్తి పట్టుకున్న రెండో అమ్మాయి ఎవరండి?"

మత్తయి కారులోనే ఉన్నాడు. నేనూ కారులోనే...

బయటికొచ్చి దీవెనకు ఫోన్ చేశాను.

"అవును బాబాయ్, ఎవరో పట్టుకున్నారు. మీరే అనుకున్నాను. అంత బురదలోనూ ముసుగుకు ఒక్క మరక లేదు. మీరే కదా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నేనేనమ్మా..." అన్నాను. "ఇంకెవరు?"

చేయని పనికి గొప్ప చెప్పుకోవడం, నా జన్మలో అదొక్కసారే.