జంట సాక్ష్యం

ఆరో రోజు మధ్యాహ్నానికి అసిరితల్లికి ఆవులింతలు కూడా ఆగిపోయాయి. నుదుటి మీద మెలకువపట్టీ ఉన్నంతసేపు నిద్ర దగ్గరికి రాదు. ఆగేది నిద్ర ఒక్కటే, అలసట కాదు. తమకి పట్టీ కట్టించిన మహానుభావులకి ఆ తేడా తెలిస్తే ఎంత బాగుండేది!

మధ్యమధ్య బుర్ర రెండు మూడు నిమిషాలు ఖాళీ అయిపోతుంది. అందుకే ఆనకట్ట గదిలో ఇద్దరేసి కాపలా. ఒకరి బుర్ర ఖాళీ అయినప్పుడు జరిగిందేమిటో రెండోవాళ్ళు చెప్పి పూడుస్తారు. ఆరు రోజులుగా తోటి కాపలాదారు గౌరునాయుడు ఆమెకీ, ఆమె అతనికీ అలా పూడుస్తూనే ఉన్నారు.

వరద ఎర్రగీత దాటింది. గోడలోంచి యంత్రం అడిగింది.

"పది నిమిషాల్లో తలుపులు ఎత్తాలి. కొత్తలంక ఖాళీ అయిందా? జంట సాక్ష్యం చెప్పండి."

ఆనకట్ట దిగువనే కొత్తలంక, నలభై గడపలు. అసిరితల్లి చెల్లెలు దమయంతి ఉండేది అక్కడే.

"అయింది," అన్నాడు గౌరునాయుడు.

అసిరితల్లి కూడా ఔననబోయింది. 'అందరం పడవలెక్కేసినామక్కా' అన్న చెల్లెలి గొంతు చెవిలోనే ఉంది. కానీ ఆ ఫోన్ ఎప్పుడొచ్చింది? అప్పుడు తను కూర్చుని ఉందా, నిలబడి ఉందా? ఎంత తడుముకున్నా ఏమీ అందలేదు.

"అన్నా, దమయంతి ఫోను ఎవులెత్తినారు?"

"నువ్వే కదేటి! ఎక్కేసినారని నువ్వే సెప్పినావు."

"నాకు నువ్వు సెప్పినావన్నా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భయమేసింది ఇద్దరికీ.

"రెండో సాక్ష్యం," అంది యంత్రం. "నాలుగు నిమిషాలు."

అసిరితల్లి పట్టీ పీకి అవతల పారేసింది.

"నాకు తెల్దు," అంది.

యంత్రం లెక్క ఆగిపోయింది. ఔను, కాదు తప్ప ఆ గదిలో ఇంతవరకు ఎవరూ మూడో మాట అనలేదు. తలుపులు కదల్లేదు. ఆనకట్ట ఇంకో గంట ఓర్చుకుంటుంది, ఆపైన దేవుడి దయ.

చెల్లెలికి ఫోన్ చేసింది.

"అక్కా! పడవలు ఎప్పుడొస్తాయే? అందరం గట్టు మీదే కూకున్నాం!"

రేవుకి కబురు పెట్టింది. పడవలు బయల్దేరాయని రేవువాళ్ళు చెప్పేదాకా కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆరు రోజుల నిద్రా ఒక్కసారే మీద పడుతోంది. కూలిపోయేలోగా ఒక్క మాట అడగాలి.

"అన్నా, మొన్న పాతలంక మీదికి నీళ్ళొదిలినాం కదా. ఖాళీ సేసినారా అని ఆళ్ళకి ఫోన్ సేసిందెవులు?"

గౌరునాయుడు నుదుటి మీద పట్టీ సవరించుకున్నాడు.

"నువ్వే కదమ్మా," అన్నాడు.