పొట్టిదైన హద్దు రాయి

1973 నవంబరు 4. ఆదివారం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

నాచారం చరిత్ర మ్యూజియం తలుపు తెరిచిన వాచ్‌మన్ శాంతయ్య గడపలోనే ఆగిపోయాడు.

మ్యూజియం అంటే పెద్ద భవంతి అనుకునేరు! రెండు గదులు, ఒక వరండా. పాత బడి. వానొస్తే మూడు చోట్ల కారుతుంది. లోపల ఊళ్ళోవాళ్ళు తెచ్చిచ్చిన తిరగళ్ళు, నాగళ్ళు, నిజాం కాలపు లాంతర్లు. గది మధ్యలో ఇసుక నింపిన సిమెంటు తొట్టి. ఆ తొట్టిలో నిలబెట్టిన హద్దు రాయి.

ఇప్పుడు తొట్టి ఉంది. ఇసుక ఉంది. రాయి లేదు.

ఎనిమిదిన్నరకు ఉప్పల్ స్టేషన్ నుంచి సబ్ ఇన్‌స్పెక్టర్ ఉమాపతి వచ్చాడు. జనగామ వైపు మనిషి. కేసు చేతికొస్తే సాయంత్రానికల్లా తేల్చేస్తాడని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆ తొందరే ఈసారి ఒక అమాయకుడి కొంప ముంచబోయింది.

తాళం పగలలేదు. కిటికీ ఊచలు వంగలేదు.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు సారూ. ఒకటి నా తాన, ఇంకోటి సెక్రటరీ సారు తాన" అన్నాడు శాంతయ్య.

సెక్రటరీ గంగాధరరావు పక్కనే ఉన్నాడు. రాజమండ్రి నుంచి వచ్చి, ఒక ప్రభుత్వ లాబొరేటరీలో సైంటిస్టుగా రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఇంటింటికీ తిరిగి, చీవాట్లు తిని, ఈ మ్యూజియం పెట్టించింది ఆయనే. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది.

"రాయి బరువెంత?"

"డెబ్బై కిలోలు ఉంటుందండీ."

"ఆఖరుసారి ఎప్పుడు చూసిన్రు?"

"నిన్న సాయంత్రం. మొదటి శనివారం కదండీ, ముచ్చట జరిగింది."

ముచ్చట అంటే నెలకోసారి ముసలివాళ్ళు తమ చిన్ననాటి సంగతులు చెప్పడం, మిగతావాళ్ళు చాయ్ తాగుతూ వినడం. చర్చి నుంచి బండి మీద అరవై కుర్చీలు తెస్తారు. నిన్న నాలుగింటికి మొదలై అయిదున్నరకు ముగిసింది.

"తాళం ఎవరు వేసిన్రు?"

"నేనే సారూ, ఆరింటికి. చాయ్ గ్లాసులు హోటల్ల వాపస్ ఇచ్చొచ్చి వేసిన" అన్నాడు శాంతయ్య.

"వేసే ముందు లోపల చూసినవా?"

"కరెంటు పోయింది సారూ. సూడలే."

"వాచ్‌మన్‌వి. చూడలేదు!"

శాంతయ్య తల దించుకున్నాడు. ఉమాపతి ఆ దించిన తలను నోటు చేసుకున్నాడు.

తొమ్మిదీ పదిహేనుకు ఒక కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. రాయి దొరికింది! మల్లాపూర్ రోడ్డులో, క్రైస్తవుల గోరీల దొడ్డిలో. పడేసి కాదు. నిలువునా పాతేసి ఉంది.

ఉమాపతి శాంతయ్య, గంగాధరరావులతో అక్కడికి చేరేసరికి ఊరు ఊరంతా చేరింది. రాయి పక్కన, ఏడాది కిందటే ఈ ఊరికి వచ్చిన ఫ్యాక్టరీ మేనేజరు కామరాజు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఇక్కడ తగాదా ఏమిటో చెప్పాలి. గోరీల దొడ్డికి తూర్పున డబ్బాల ఫ్యాక్టరీ. సర్కారు కాగితంలో తూర్పు హద్దు గురించి ఒకే మాట ఉంది: రాయి దాకా. రాయి ఎక్కడుంటే హద్దు అక్కడ. రెండేళ్ళ కిందట, లారీలు తగిలి రాయి పగిలిపోతుందని దాన్ని పెకిలించి మ్యూజియంలో భద్రం చేశారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. హద్దు మీది రాయిని తీసేసి చప్పట్లు కొట్టిన ఊరు లోకంలో ఇదొక్కటే అయ్యుంటుంది! ఆర్నెల్లు తిరక్కుండానే ఫ్యాక్టరీ ముందుకు జరగడం మొదలుపెట్టింది. రేపు సోమవారం పదకొండింటికి సర్వేయర్ వస్తాడు.

"దొంగకు దేవుని భయం పుట్టినట్టుంది సార్. ఎక్కడిది అక్కడ పెట్టిండు" అన్నాడు కామరాజు.

"అదే అసలు చోటని నీకెట్ల ఎరుక?"

"అప్పుడు పెకిలించింది ఈ శాంతయ్యే. ఎక్కడ తీసిండో ఆయనకు ఒక్కనికే ఎరుక. తాళంచెవి ఆయన తాన. ఇంకేం సాక్ష్యం కావాలె?"

రాయి ఇక్కడే ఉంటే పందొమ్మిది గోరీలు ఫ్యాక్టరీ వైపు పోతాయి. పోయే వాటిలో ఒకటి దానమ్మది, శాంతయ్య భార్యది.

"థూ!" అంది లూర్దమ్మ. దానమ్మ సొంత అక్క ఆమె. "పోయిన నెల వీని బిడ్డ రాహేలుకు గా ఫ్యాక్టరీల నౌకరీ దొరికింది సారూ. గిప్పుడు అర్థమైంది ఎట్ల దొరికిందో. బిడ్డ నౌకరీకి పెండ్లాం గోరి అమ్ముకున్నడు!"

శాంతయ్య రాయి దగ్గరికి వచ్చి మోకాలు ఆనించి చూశాడు.

"రాయి పొట్టిగైంది సారూ" అన్నాడు.

"ఏంది?"

"నా నడుమంత ఉండె. గిప్పుడు మోకాలంతనే ఉంది."

గంగాధరరావు గొంతు సవరించుకున్నాడు. "మ్యూజియంలో కూడా అంతే ఉండేది కదండీ. అడుగున్నర."

చుట్టూ ఉన్నవాళ్ళు అవునంటే అవునన్నారు. రెండేళ్ళుగా ప్రతి ముచ్చటలోనూ అందరూ చూసింది అడుగున్నర రాయినే.

"రాళ్ళు పొట్టివి కావు. జీపెక్కు" అన్నాడు ఉమాపతి.

సాయంత్రం నాలుగింటికి స్టేషన్‌కు రాహేలు వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. కళ్ళు వాచి ఉన్నాయి.

"నౌకరీ ఇడిసిపెట్టిన సార్. కాగితం రాసిచ్చిన."

"ఎందుకు?"

"పరీక్ష రాసి తెచ్చుకున్న నౌకరీ సార్. గయినా నాన్నను గా మాట అన్నంక ఎట్ల జేస్త? పొద్దటి సంది ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. జర మీరు చెప్పుండ్రి." టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది. "ప్రతి యేడు ఆత్మల పండుగకు ముందు నాన్ననే సున్నం ఏసేటోడు. మొదలు రాయికి, తర్వాత అమ్మకు. గసుంటాయన గిట్ల జేస్తడా సార్?"

శాంతయ్య డబ్బా ముట్టలేదు. ఆ రాత్రి ఉమాపతికి కూడా ముద్ద దిగలేదు. తొందరపడ్డానా అన్న శంక ఒకసారి పుట్టిందంటే పోదు, పంటిలో ఇరికిన పీచులాగా.

సోమవారం ఉదయం ఆరున్నరకు అతను ఒంటరిగా గోరీల దొడ్డికి వెళ్ళాడు.

చనిపోయినవాళ్ళను తలచుకునే ఆత్మల పండుగ శుక్రవారమే అయింది. గోరీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఉమాపతి ఒక్కో గోరీ దగ్గర వంగి చూశాడు. ఎవరి చెయ్యి వేసినా ఒకటే తీరు. సున్నం గోరీ మొదలు దాకా వచ్చి ఆగింది. కారిన సున్నం చుట్టూ నేల మీద చారలు కట్టింది.

అతను గబగబా రాయి దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదట్లో మట్టిని వేళ్ళతో గోకాడు. జానెడు లోతుకు గోకి, వేళ్ళకు అంటినదాన్ని చూసుకున్నాడు. చెయ్యి తుడుచుకోకుండానే లేచి మ్యూజియం వైపు నడిచాడు.

ఏడున్నరకు మ్యూజియంలో తొట్టి లోతు కొలిచాడు. రెండడుగులు. ఎనిమిదింటికి కుర్చీల బండి తోలే మోషేను పట్టుకున్నాడు. తొమ్మిదికి స్టేషన్‌కు పోయి లాకప్ తలుపు తనే తీశాడు.

పదకొండు గంటలు. సర్వేయర్ భూషణం కొలత గొలుసు విప్పాడు. గంగాధరరావు, కామరాజు, లూర్దమ్మ, రాహేలు, సగం నాచారం అక్కడే ఉన్నారు.

"కొలిచే ముందు ఒక్క నిమిషం" అన్నాడు ఉమాపతి. "రావు గారూ, మ్యూజియంకు తెచ్చినప్పుడు రాయిని కడిగించిన్రా?"

"అక్షరాలున్న ముఖం ఒక్కటే గోకించానండీ, చదవడానికి. మిగతా మూడు వైపులూ ముట్టుకోలేదు. శాంతయ్య వద్దన్నాడు."

"మంచిది. తవ్వుండ్రి."

కానిస్టేబుళ్ళు రాయి చుట్టూ తవ్వారు. భూమి పైన ఉన్న భాగానికి పాత సున్నం పొరలు. భూమి లోపలి భాగానికీ సున్నమే! అడుగు లోతు దాకా దిగి, అక్కడ గీత గీసినట్టు ఆగింది. దాని కింద ఇంకో అడుగు ఒట్టి నల్ల రాయి.

ఉమాపతి లూర్దమ్మను ముందుకు పిలిచాడు.

"లూర్దమ్మా, నువ్వు గోరీకి సున్నం వేసేటప్పుడు భూమి తవ్వి లోపల కూడా వేస్తవా?"

"నాకేం పిచ్చా సారూ?"

"ఈ రాయికి మాత్రం అడుగు లోతుల సున్నం ఉంది. సున్నం లేనిది కింది అడుగు ఒక్కటే, అంటే ముందు ఇది అడుగే దిగి ఉండె. పైన రెండున్నర అడుగులు, శాంతయ్య నడుమంత. ఇప్పుడు రెండడుగులు దిగింది. ఎవరు పాతిన్రు గిట్ల? ఇరవై ఏళ్ళు దీనికి సున్నం వేసిన మనిషికి ఎంత లోతు దిగాల్నో కళ్ళు మూసుకున్నా తెలుస్తది. ఇది పాతింది రాయిని భూమిల ఎన్నడూ చూడనోడు. రెండడుగుల తొట్టిల మాత్రమే చూసినోడు."

కామరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక కానిస్టేబుల్ ఉన్నాడు.

"మోషే, కుర్చీలు ఎప్పుడు వాపస్ తీస్కపోతవ్?"

"ఎప్పుడైనా సోమారం నాడు సార్. ఈసారి శనారమే రమ్మన్నరు. శాంతయ్య గ్లాసులియ్య పోయినంక ఫ్యాక్టరీ మనుషులిద్దరు వచ్చి కుర్చీలు ఎత్తిన్రు. బండి మస్తు బరువైంది. గోరీల కాడ ఆపి, నన్ను బీడీ తాగి రా పొమ్మన్నరు. గా కుర్చీల కింద రాయి ఉన్నదని నాకెట్ల ఎరుక సార్?"

"శనివారమే రమ్మన్నది ఎవరు?"

మోషే నేల చూశాడు. "సెక్రటరీ సారు."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి.

గంగాధరరావు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. అబద్ధమాడటానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఆ గదులు ఈసారి వానకు నిలవవండీ. పోయిన వానకు ఫోటోలు సగం బూజు పట్టిపోయాయి. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాను! అయిదు గదుల భవనం కట్టిస్తానన్నాడు కామరాజు. నలభై అడుగుల నేల కోసం. చచ్చినవాళ్ళకు ఇంత చోటుంది, వాళ్ళ చరిత్రకి చోటు లేదే అనుకున్నాను. శాంతయ్య మీదకి వస్తుందని అనుకోలేదు."

"నిన్న నేను జీపెక్కుతుంటే మీరు సూసిన్రు సారూ" అన్నాడు శాంతయ్య నెమ్మదిగా. "నోరిప్పలే."

ఉమాపతి శాంతయ్య వైపు తిరిగాడు.

"అసలు చోటు చూపించు" అన్నాడు ఉమాపతి.

శాంతయ్య భార్య గోరీ దాటి తూర్పుకు ఆరడుగులు నడిచి ఆగాడు. గడ్డి, లారీ దుమ్ము, అంతే. "ఇక్కడ" అన్నాడు.

పారతో పైమట్టి చెక్కారు. నాలుగు వేళ్ళ లోతులో తెల్లటి పెచ్చు బయటపడింది. ఏడాదికేడాది కారిన సున్నం పొర మీద పొర కట్టి గట్టిపడింది. పెచ్చు నడుమ చదరంగా మట్టి నిండిన గుంట. భూషణం టేపు పట్టి కొలిచాడు. ఆరంగుళాలు, ఆరంగుళాలు. రాయి పక్కలూ అంతే.

"రాయి ఇక్కడిదే" అని భూషణం పుస్తకంలో రాసుకున్నాడు.

కామరాజునూ గంగాధరరావునూ జీపెక్కించారు. ఊళ్ళో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వచ్చే మొదటి శనివారం ముసలివాళ్ళను పేరు పేరునా పిలిచి కూర్చోబెట్టేది ఎవరు? మ్యూజియం కట్టినవాడే పోతున్నాడని కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

"శాంతయ్యా, నువ్వు నిన్ననే చెప్పినవ్. నేను ఇనలే. తప్పు నాది" అన్నాడు ఉమాపతి. ఎస్సైగా ఎవరికీ అంతవరకు చెప్పని మాట అది.

శాంతయ్య తల ఊపాడు. నలుగురు పట్టుకుంటే రాయిని గుంటలో దింపాడు. అడుగు. అంతకు ఒక్క వేలు ఎక్కువ దిగనివ్వలేదు. లూర్దమ్మ ఎక్కడికో పోయి సున్నం బకెట్ తెచ్చి అతని ముందు పెట్టింది. మరిది ముఖం చూడలేక గోరీ వైపు తిరిగి ఏడ్చింది. శాంతయ్య కుంచె ముంచి మొదలు రాయికి వేశాడు. తర్వాత దానమ్మకు.

మర్నాడు ఉమాపతి రిపోర్టు కోసం మ్యూజియంకు వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. ఖాళీ తొట్టిలో ఇసుక చదును చేసి ఉంది. రాయి గురించి రాసిన పాత కార్డు తీసేసి, రాహేలు చేతిరాతతో కొత్తది గుచ్చారు.

'హద్దు రాయి తన జాగల ఉన్నది. అక్కడికే పోయి సూడుండ్రి. మళ్ళ ఇక్కడికి తేవద్దు.'