బ్లాక్ హోల్ కాదన్న పిల్ల

తేజేశ్వర్ రెండేళ్ల కష్టాన్ని రామతులసి నలభై మంది ఎదుట ఒక్క ప్రశ్నతో మట్టిలో కలిపింది. అది అన్యాయం. ఇందులో వాదనకు చోటు లేదు.

ఇద్దరూ విజయవాడ కాలేజీలో రీసెర్చ్ స్కాలర్లు. ఆకాశంలో ఒక నక్షత్రం, దాని వాయువును లాక్కుంటున్న కనపడని జోడీ. ఆ జంట నుంచి వచ్చే ఎక్స్-రే వెలుగు క్షణానికోలా మారుతుంటుంది. ఆ గ్రాఫు చూపించి, జోడీ బ్లాక్ హోలేనని తేజేశ్వర్ సెమినార్‌లో చెబుతున్నాడు. జర్నల్‌కి పంపబోయే ఈ పేపర్ నిలబడకపోతే చదువు చాలించి పామర్రులో మగ్గం ఎక్కాల్సిందే.

రామతులసి లేచింది.

"గ్రాఫులోంచి మీరు కత్తిరించేసిన ఆ స్పైక్, ఆ నిటారు గీత మాటేంటండీ? సెకనులో లేచింది, ఇరవై సెకన్లలో మెల్లగా దిగింది. అది పేలుడు. పేలడానికి ఒక ఉపరితలం ఉండాలిగా! బ్లాక్ హోల్‌కి అదెక్కడిది? ఇది న్యూట్రాన్ స్టార్."

వెనక బెంచీలు నవ్వాయి. తేజేశ్వర్ ల్యాప్‌టాప్ మూసి బయటికి నడిచాడు.

పటమట బస్టాపులో వాన పట్టుకుంది. గొడుగుతో ఆమె వచ్చింది.

"గొడుగులోకి రండి, తడుస్తున్నారు."

"పరువే పోయింది. ఒళ్లు తడిస్తే ఎంత! నిన్ననే చెప్పకూడదా?"

"నిన్న రాత్రే నా కంటబడింది. ఏడుసార్లు ఫోన్ చేశా. స్విచాఫ్."

"సెమినార్‌కి ప్రిపేరవుతున్నా."

"బానే అయ్యారు! అసలు దాన్నెందుకు తీసేశారు?"

"మాది మగ్గాల ఇల్లండీ. నూలులో బుడిపె కనపడితే అమ్మ తుంచి ముడేసేది. చిన్నప్పట్నుంచీ నా చేతికీ అదే..."

ఆగిపోయాడు. తప్పెక్కడ జరిగిందో తన నోటితోనే చెప్పేశాడు. దాంతో కోపం రెట్టింపైంది.

"అయినా నా డేటాతో మీకేం పని? మీ థీసిస్ వేరు కదా!"

ఎప్పుడూ తడుముకోని పిల్ల మొదటిసారి తడుముకుంది.

"మూడు నెలలుగా నాది పక్కన పెట్టి మీదే చూస్తున్నా. తప్పుతో పంపిస్తే జర్నల్ వాళ్లు తిప్పికొడతారు. మీరు పామర్రు వెళ్లిపోతారు."

"వెళ్తే?"

"అదీ నేనే చెప్పాలా? నక్షత్రాల మధ్య ఏం జరుగుతోందో చెప్తారు, ఎదురుగా ఉన్న మనిషి మాత్రం అర్థం కాదు!"

అతను గొడుగులోకి వచ్చాడు. మొహం మాత్రం రోడ్డు వైపే పెట్టుకున్నాడు.

పేపర్ న్యూట్రాన్ స్టార్ అనే, ఇద్దరి పేర్లతో జర్నల్‌కి వెళ్లింది. నిలబడింది.

నిశ్చితార్థం రోజు ఆమె మేనమామ హనుమయ్య అడిగాడు. "మీకెలా కుదిరిందబ్బాయ్?"

రామతులసి నవ్వింది. "సెమినార్‌లో మావయ్యా, ఈయన..."

"ఆ మాటెత్తకు," అన్నాడు తేజేశ్వర్. "నలభై మంది నవ్వారు. పెళ్లి చేసుకుంటాను గానీ క్షమించను. ఆ రోజు గురించి ఈ జన్మలో మాట్లాడను."