వెనకామె

మంగళవారం ఉదయం 5.10కి ప్రమీలారాణి గేటుకు తాళం వేసి, పుస్తెలతాడు కనబడకుండా కొంగు మెడ చుట్టూ తిప్పి పిన్నీసు పెట్టుకుంది. చేతిసంచీ కుడి భుజానికి, గోడ వైపు. రోడ్డు వైపు ఎప్పుడూ వేసుకోదు.

ఖానాపురం హవేలిలో పొద్దున్నే నడిచే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుకు ఆ జాగ్రత్తలన్నీ రాసి పంపింది ఆమే. ఫోన్ చేతిలో పట్టుకోవద్దు. వచ్చే బండ్లకు ఎదురుగా నడవాలి. ఎవరైనా వెంటపడితే రోడ్డు దాటి వెలుతురులోకి పోవాలి, మాటల్లోకి దిగొద్దు. "మా ఆవిడ ఎస్సై పరీక్ష రాసి ఉంటే ఈపాటికి దొంగలంతా వ్యవసాయం చేసుకునేవాళ్లు" అంటుంటాడు ఎరువుల దుకాణం నడిపే భర్త వెంకటనారాయణ.

డిసెంబరు మంచు. రెండు వీధిదీపాల మధ్య చాలా దూరం చీకటి. ఎక్కడో చెత్త కాలుతున్న వాసన. పాల బూత్ ఇంకా మూడు వందల మీటర్లుంది. అప్పుడు వెనక అడుగులు వినిపించాయి. చెప్పుల చప్పుడు కాదు. ఉత్త కాళ్లు.

ఆమె ఆగింది. అవీ ఆగాయి.

నడిచింది. అవీ నడిచాయి.

"ఊఁ."

సన్నగా, ముక్కుతో. నాలుగడుగుల తరువాత మళ్లీ, "ఊఁ." ఎవరికో సైగ అందిస్తున్నట్టు.

ప్రమీలారాణి వెనక్కి తిరిగింది. పొట్టి మనిషి, యాభై దాటి ఉంటాయి. పిక్కల పైకి కట్టిన చీర. గుడ్డసంచీ పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, సంచీని గుండెకు అదుముకుని ఉంది.

తను రాసిన ప్రకారమే ప్రమీలారాణి రోడ్డు దాటింది. ఆమె కూడా దాటబోయింది.

"నా వెనక రాకు" అంది ప్రమీలారాణి చెయ్యెత్తి. "అక్కడే ఉండు."

ఆమె అక్కడే ఉండిపోయింది. రోడ్డు మధ్యలో.

లైటు లేని బండి ఒకటి ఎదురుగా వచ్చి, వీధిదీపం కిందుగా దాటిపోయింది. ఇద్దరున్నారు. ఎర్ర ట్యాంకు. తీగతో కట్టిన సైలెన్సరు గలగలలాడుతోంది. నంబరు చివర 41. ఆ తరువాత వెనక ఒక కేక... ఏదో బరువైనదాన్ని రోడ్డు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు... ప్రమీలారాణి తిరిగి చూడలేదు. పాల బూత్ వెలుతురులోకి వెళ్లి రెండు ప్యాకెట్లు అడిగింది.

ఎనిమిదింటికి గ్రూపులో వార్త వచ్చింది. ఆమె పేరు నాగక్క. పర్ణశాల అవతల అడవి ఊరు. కోడలు కాన్పుకని దవాఖానాలో ఉంటే తొలి బస్సుకు వచ్చి, తెలియక ఒక స్టాపు ముందే దిగింది. సంచీలో ఉన్నవి కోడలి స్కానింగ్ కాగితాలు. పట్టీ చేతికి చుట్టుకుని ఉండడంతో అరవై మీటర్లు ఈడ్చుకుపోయారు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

"నువ్వు అటేగా వెళ్లింది? ఏమన్నా చూశావా?" అన్నాడు వెంకటనారాయణ.

"నేను అంతకుముందే దాటేశాను."

"పాపం, ఆమెకు మన జాగ్రత్తలు ఎవరూ చెప్పలేదు వదినా" అని రాసింది పక్కవీధి ఉదయశ్రీ. ప్రమీలారాణి దాని కింద దండం బొమ్మ పెట్టింది.

బుధవారం తలనొప్పి అని వెళ్లలేదు. గురువారం కూడా మానేస్తే భర్త ఎందుకని అడుగుతాడు. 5.10కి బయల్దేరింది. సంచీ తీసుకోలేదు.

వంద అడుగులు వేసేసరికి కుడి భుజం బరువెక్కింది. సంచీ సర్దుకుందామని చెయ్యెత్తి, సగంలో ఆపేసింది. సంచీ లేదు.

ఉత్త కాళ్ల చప్పుడు.

ఆగింది. అవీ ఆగాయి.

రోడ్డు దాటడానికి కాళ్లు రాలేదు. మంచులోంచి గలగలమని సైలెన్సరు... ఎదురుగా... లైటు లేదు. బండి నెమ్మదించింది. వెనక కూర్చున్నవాడి చెయ్యి ఆమె మెడ వైపు లేచింది. గాలిలోనే ఆగింది. బండి ఒక్కసారిగా వేగమందుకుని మంచులో కలిసిపోయింది.

చెవి పక్కనే, "ఊఁ."

ఆమె తిరిగి చూడకుండా ఇల్లు చేరింది. గేటు దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. భుజం మీద బరువు దిగలేదు.

పదింటికి పోలీస్ స్టేషనుకు వెళ్లింది. బయట బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నాగక్క చెల్లెలు చిన్నక్క. స్కానింగ్ కాగితాలు దొరికాయేమో అడగడానికి వచ్చింది.

"మీ అక్క..." ప్రమీలారాణి గొంతు తగ్గించింది. "నడుస్తూ ఊఁ అనేదా?"

"నువ్వు ఇన్నవా అమ్మా?"

"విన్నాను."

చిన్నక్క బల్ల మీద జరిగి ఆమెకు చోటిచ్చింది. "అడివిల ఒకల ఎనక ఒకలం నడుస్తం. ఎనకున్నామె ఊఁ కొట్టుకుంట వస్తది. నేనున్న, భయపడకు అని. ముందున్నామె ఇల్లు చేరిందాక ఇడిసిపెట్టది." కళ్లు తుడుచుకుంది. "తెల్వని ఊర్ల ఒక్కతి ఎట్ల నడిచిందో అని ఏడ్సిన. తోడు దొరికిందన్నమాట."

ప్రమీలారాణి లోపలికి వెళ్లి అంతా చెప్పింది. ఎర్ర ట్యాంకు, సైలెన్సరు, 41, తను చెయ్యెత్తి ఆపడం. కానిస్టేబుల్ సతీష్ చివరిది రాసుకోలేదు. "అది కేసుకు పనికిరాదు మేడం" అన్నాడు.

సోమవారం సాయంత్రం సతీష్ ఫోన్ చేశాడు.

"దొరికిండ్రు మేడం. మీరు చెప్పిన బండే. గురువారం మీ పుస్తెలతాడు కోసం కూడా వచ్చిండ్రట. మీరు ఒక్కరే లేరని లాగలేదట."

"ఒక్కదాన్నే ఉన్నాను."

"లేదు మేడం. పొట్టి ఆమె, మీ కుడి భుజం మీద చెయ్యేసి వెనకనే నడిచిందట. వాళ్ల మాట నమ్మక, మీ సందులో కెమెరా కూడా చూసినం. అవ్, ఉంది. మీ వెనకనే గేటు లోపలికి వచ్చింది. నిన్నటిదాకా చూసినం, బయటికి పోయింది మాత్రం లేదు. మీ ఇంట్లనే ఉంటదా మేడం ఆమె?"