స్పేర్ కోడ్

“వాన పడేలా ఉంది,” అన్నాడు ఫోన్‌లో చీఫ్.

“గొడుగు తెచ్చుకున్నాను,” అన్నాడు ఏజెంట్ గుండుసూది. అంటే, పక్కన ఎవరూ లేరు, చెప్పండి అని.

“నెమలి డబుల్ ఏజెంట్. నువ్విచ్చిన పెన్‌డ్రైవ్ విదేశీ ముఠాకి అమ్మేసింది. ఇవాళ్టి ట్రయల్ రన్‌లో బస్సుల్ని గుద్దించబోతున్నారు. ఆపు.”

గుండుసూదికి గుండె జారిపోయింది. నెమలి డిపార్ట్‌మెంట్ మొత్తానికీ అందగత్తె. ఆమె నవ్వుతూ చెయ్యి చాపగానే మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

అందులో ఉన్నది అక్క రాసిన కోడ్. అక్క అంటే తోబుట్టువు కాదు, డ్రైవర్ లేని బస్సులు చేసే కంపెనీలో రాడార్ ఇంజినీర్. ఆ బస్సులకు కళ్ళు రాడార్లే. నాలుగు బస్సులు ఒకచోట చేరితే ఒకదాని తరంగాలు ఇంకోదానిలో దూరి, లేని బండి కనిపిస్తుంది, ఉన్న బండి మాయమవుతుంది. అందుకే ప్రతి బస్సూ పక్కదానికి అడ్డురాకుండా క్షణానికో ఫ్రీక్వెన్సీకి గెంతేలా ఆమె కోడ్ రాసింది. ఆ గెంతులు ముందే తెలిసినవాడు జామర్‌తో వెంటపడితే అన్నీ గుడ్డివైపోతాయి. ఆమే కోడ్ అమ్ముతోందని అనుమానించి, టెస్ట్ డ్రైవర్ వేషంలో ఆరు నెలలు ఆమె పక్కనే తిరిగి, ఆమె పోసిన టీ తాగి, కాపీ చేసుకున్నాడు మహానుభావుడు.

కంట్రోల్ రూమ్‌లోకి పరుగెత్తాడు. స్క్రీన్ మీద బస్సులు పచ్చచుక్కలై టన్నెల్ వైపు కదులుతున్నాయి.

“ఏరా, ఏంటా ఆయాసం? కూర్చో,” అంది అక్క. “మూడో బస్సులో మా అత్తగారూ, పాపా ఉన్నారు చూడు.”

“కోడ్ మార్చక్కా. ఎవరో సర్వర్‌లో దూరారు.”

అబద్ధం అలవాటుగా వచ్చేసింది. ఇంతలో ఒక చుక్క ఎర్రబడింది.

“ఇప్పుడు ఆపితే వెనకవి వచ్చి గుద్దుతాయి,” అంది అక్క. “స్పేర్ కోడ్ పెడతాను. అది సర్వర్‌లో లేదు, నా డ్రాయర్‌లో ఉంది.”

ఇక్కడ నోరు మూసుకుంటే అతని పరువు దక్కుతుంది. పాప దక్కదు.

“అదీ వాళ్ళ దగ్గరుంది. నేనే కాపీ తీశాను. నేను డ్రైవర్ని కాదు, గూఢచారిని. నువ్వే దొంగవనుకున్నానక్కా.” పెట్టుడు మీసం కూడా పీకేశాడు. అది ఎవరూ అడగలేదు.

ఆమె అతనివైపు చూడలేదు. రెండో చుక్కా ఎర్రబడింది, మూడోదీ ఎర్రబడింది. టన్నెల్ ముందు, సరిగ్గా మూడో బస్సు దారిలో లారీ ఒకటి ఆగి ఉంది.

“అయితే అసలు కోడే వద్దు,” అని టైప్ చేయసాగింది. ఇక ప్రతి బస్సూ ముందు చెవొగ్గి వినాలి, ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీని తనే వెతుక్కోవాలి. దొంగిలించడానికి ముందే రాసిపెట్టిందంటూ ఏమీ ఉండదు. ఎవరూ ఎప్పుడూ పరీక్షించని పద్ధతి అది. ఆమె ఎంటర్ నొక్కింది.

చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. మూడో బస్సు లారీకి జానెడు దూరంలో ఆగింది.

వెంటనే అత్తగారు ఫోన్ చేశారు. “ఇదేం బ్రేకమ్మా? పాప ఐస్‌క్రీమంతా నా ఒళ్ళోనే పడింది.”

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. గుండుసూదికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

చీఫ్ కూడా ఫోన్ చేశాడు. జామర్ వ్యాన్‌తో సహా నెమలి దొరికిందట. “శభాష్. నీకు ప్రమోషన్ ఖాయం.”

“తప్పయిపోయిందక్కా,” అన్నాడు గుండుసూది.

ఆమె కళ్ళు తుడుచుకుని, లేచి తలుపు తీసి పట్టుకుంది.

“మీరిక వెళ్ళచ్చండీ,” అంది.

ప్రమోషన్ ఆర్డరు చేతికి రాకముందే అతనికి గౌరవం మొదలైపోయింది.